లెవెన్ వేస్తే స్లో అవుద్దా అక్కా?

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. దాని తర్వాతది విండోస్ 11, మా వాడుకలో లెవెన్. అప్పటి నుంచి మా షాపులో అడుగుపెట్టేవాళ్లందరిదీ దాదాపు ఒకే ప్రశ్న: "లెవెన్ వేస్తే సిస్టమ్ స్లో అవుద్దా అక్కా?" కొందరు అడగరు కూడా, తేల్చుకునే వస్తారు. "మా బావ వేయించుకున్నాడు, సిస్టమ్ నాశనమైపోయింది. నాకు మాత్రం టెన్ ఉంచేయండి."

ఏలూరు పవర్‌పేటలో మాదో చిన్న షాపు. హార్డ్‌వేర్ మా తమ్ముడు చూస్తాడు, సాఫ్ట్‌వేర్ నేను. విండోస్ ఎక్స్‌పీ సీడీల కాలం నుంచీ ఇదే పని. అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పమంటే మాత్రం నేను చెప్పను. ముందు సిస్టమ్ ఆన్ చేసి లోపల ఏముందో చూస్తాను. ఫైళ్లు దాచేది పాత రకం హార్డ్ డిస్కా, కొత్త రకం ఎస్‌ఎస్‌డీనా? నడుస్తున్న పనులు పెట్టుకునే మెమరీ, అదే ర్యామ్, ఎంత? ఈ రెండూ తెలిస్తే జవాబు సగానికి పైగా తేలిపోతుంది. విండోస్ నంబరు ఆ తర్వాతి మాట.

మొన్న దీపావళి వెళ్లాక ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు లాప్‌టాప్ పట్టుకొచ్చారు. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో చెబుతుంటే ఈయన ఇక్కడ బటన్లు నొక్కి లెవెన్‌కి అప్‌గ్రేడ్ చేసుకున్నారట.

"అమ్మాయ్, దీన్ని పాతదానికి మార్చెయ్. వాడు చెప్పాడు కదా అని బుద్ధి గడ్డి తిని నొక్కాను" అన్నారు.

"అంతకుముందు బాగుండేదా మాస్టారూ?"

"బాగానే ఉండేది. ఆన్ చేసి కాఫీ తాగొచ్చేసరికి తెరుచుకునేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు టిఫిన్ కూడా అయిపోతోంది."

ఈ రెండు జవాబుల్లో మొదటిదే నాకు ముఖ్యం. ఆన్ చేసి కాఫీ తాగి రావాల్సి వచ్చిందంటే అది టెన్‌లోనే కుంటుతోందన్నమాట. ఆయన అలవాటు పడిపోయారంతే.

అది 2018 నాటి లాప్‌టాప్. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. రూల్స్ ప్రకారం చూస్తే విండోస్ 11కి అన్నీ సరిపోతాయి. ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి, ఉంది. 4 జీబీ ర్యామ్ కావాలి, ఉంది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, అదీ ఉంది. 64 జీబీ జాగా కావాలి, దానికి పదిహేను రెట్లుంది. అందుకే మైక్రోసాఫ్ట్ చెకింగ్ టూల్ పచ్చ టిక్కు చూపించింది. ఆ జాబితాలో జాగా ఎంత ఉండాలో ఉంటుంది గానీ, ఆ జాగా ఎంత వేగంగా పనిచేయాలో ఉండదు. నా దగ్గరికి వచ్చే గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. డిస్క్ 100 శాతం. ఏ ప్రోగ్రామూ తెరవకుండానే! ర్యామ్ 90 దాటింది. సీపీయూ, అంటే ప్రాసెసర్, మాత్రం ఖాళీగా కూర్చుంది.

మాస్టారికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఆ హార్డ్ డిస్క్ లోపలి ప్లేటు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన ఫైలు ప్లేటు మీద ఎక్కడుందో అక్కడికి హెడ్డు జరగాలి, ఆ భాగం తిరిగి హెడ్డు కిందికి వచ్చేదాకా ఆగాలి. పెద్ద సినిమా ఫైలు ఒక్కటే వరసగా చదవమంటే సెకనుకు 100 ఎంబీ దాకా చదివేస్తుంది, బాధ లేదు. కానీ విండోస్ ఆన్ అయ్యేటప్పుడు అడిగేది వేల కొద్దీ చిన్న చిన్న ముక్కలు, ఒక్కోటి ఒక్కో మూల. అలాంటివి సెకనుకు వంద తేవడమే దానికి గగనం. ఒకే ముహూర్తానికి పది పెళ్లిళ్లు ఒప్పుకున్న పురోహితుడి పరిస్థితి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే ప్లేటూ లేదు, జరిగే హెడ్డూ లేదు. మామూలు రకం కూడా అలాంటి ముక్కలు సెకనుకు వేలల్లో తెచ్చిపెడుతుంది.

దానికి తోడు ర్యామ్ 4 జీబీ. విండోస్, యాంటీవైరస్, క్రోమ్‌లో నాలుగు ట్యాబులు, అంతే, నిండిపోతుంది. మిగిలింది ఎక్కడ పెట్టాలి? పేజ్ ఫైల్ అని మళ్లీ అదే హార్డ్ డిస్క్ మీద. ఇప్పటికే ఊపిరాడని దాని నెత్తిన ఇంకో మూట!

విండోస్ మళ్లీ ఎక్కించలేదు. ఉన్న లెవెన్‌ని ఉన్నట్టే, ఆయన ఫొటోలు, పద్యాల ఫైళ్లతో సహా ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేశాను. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి, వేరే పాత లాప్‌టాప్‌లోంచి తీసిన 4 జీబీ స్టిక్ ఒకటి తమ్ముడు ఖాళీ స్లాట్‌లో పెట్టాడు. మాస్టారు వచ్చి ఆన్ చేసుకున్నారు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేలోపే డెస్క్‌టాప్ వచ్చేసింది.

"టెన్ వేసేశావన్నమాట. మంచి పని చేశావ్" అన్నారు.

"లేదు మాస్టారూ, లెవెనే."

నమ్మలేదు. వెర్షన్ చూపించే విన్‌వర్ కమాండ్ టైప్ చేసి చూపిస్తే అప్పుడు నమ్మారు. అయినా కొడుక్కి ఫోన్ చేసి "ఏలూరు అమ్మాయి బాగుచేసింది" అనే చెప్పారు. పేరు నాకే వచ్చింది, కాదనలేదు.

ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకి కూడా అప్‌గ్రేడ్ అయిన మొదటి రెండు మూడు రోజులు బండి బరువుగా అనిపిస్తుంది. అది మామూలే. విండోస్ సెర్చ్ ఫైళ్లన్నిటికీ మళ్లీ ఇండెక్స్ రాసుకుంటుంది, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ అంతా స్కాన్ చేస్తుంది, స్టోర్ యాప్‌లు అప్‌డేట్ అవుతాయి, ఫైళ్లను నెట్‌లో దాచే వన్‌డ్రైవ్ తన పని తను మొదలెడుతుంది. రాత్రి ఛార్జర్ పెట్టి, స్లీప్‌లోకి వెళ్లకుండా ఆన్‌లో వదిలేయండి. ఆ పనులన్నీ అయ్యేలోపే తీర్పు ఇచ్చేసినవాళ్ల వల్లే ఊళ్లో సగం పుకార్లు.

అలాగని మనుషుల భయం ఉత్తిదే అంటే అన్యాయం. ఆ భయానికి చరిత్ర ఉంది. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి కనీసం కావలసిన ర్యామ్ 64 ఎంబీ. 2007లో విస్టా వచ్చేసరికి అది 512 ఎంబీ అయింది, ఎనిమిది రెట్లు! ఆ రోజుల్లో సిస్టమ్‌ల మీద 'విస్టా కేపబుల్' అని స్టిక్కరు అంటించి అమ్మారు. తీరా వాటిలో చాలావాటి మీద అద్దంలా మెరిసే కొత్త రూపం రాదు, హోమ్ బేసిక్ అనే చిన్న వెర్షనే నడుస్తుంది. దీనిమీద అమెరికాలో కోర్టు కేసు కూడా నడిచింది. అప్పట్లో కొత్త సిస్టమ్ కొన్నవాళ్లు కూడా విస్టా తీసేసి ఎక్స్‌పీ వేయమనేవారు. 'కొత్తది వేస్తే స్లో' అనే మాట అప్పుడు పాతుకుంది, ఇప్పటికీ ఊడలేదు.

కానీ ఆ తర్వాతి లెక్క ఎవరూ చెప్పరు. 2009లో వచ్చిన విండోస్ 7కి 1 జీబీ, 64 బిట్ అయితే 2 జీబీ. 2015లో వచ్చిన విండోస్ 10కీ అంతే. ఆరేళ్లలో కాగితం మీద ఒక్క ఎంబీ పెరగలేదు. మరి ఈ మధ్యలో సిస్టమ్‌లు ఎందుకు మొరాయించాయంటే, నన్నడిగితే పెద్ద దొంగ బ్రౌజరే. 2009 నాటి వెబ్ పేజీ వేరు, ఇప్పటిది వేరు. జూమ్, వాట్సాప్ డెస్క్‌టాప్, టీమ్స్ ఇవన్నీ ఒకేసారి నడుస్తుంటే తప్పు మాత్రం విండోస్ నెత్తిన పడుతుంది. విండోస్ మరీ పత్తిత్తని కాదు. లెవెన్‌లో ఫోల్డర్ తెరుచుకోవడం, రైట్ క్లిక్ మెనూ రావడం టెన్ కంటే ఒక పిసరు ఆలస్యమే. మంచి సిస్టమ్ మీద కూడా నా చేతికి తెలుస్తుంది.

ఇంకో చిన్న విషయం, సందర్భం వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. రోజూ షట్‌డౌన్ చేసే పడుకుంటాం అంటారు కస్టమర్లు. టాస్క్ మేనేజర్‌లో అప్ టైమ్ చూస్తే పదిహేను రోజులు ఉంటుంది. ఫాస్ట్ స్టార్టప్ అనేది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ పూర్తిగా ఆరిపోదు, లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచి మర్నాడు అక్కడి నుంచే ఎత్తుకుంటుంది. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి. 'అప్‌గ్రేడ్ అయ్యాక రోజురోజుకీ స్లో అవుతోంది' అని వచ్చేవాళ్లలో కొందరికి నేను చేసే వైద్యం ఇదొక్కటే. డబ్బులు తీసుకోను.

నిజంగా వేగాన్ని తినేది ఒకటుంది: భద్రత. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అని ప్రాసెసర్లలోనే లోపాలు బయటపడ్డాయి. చిప్ వేగం కోసం ముందే ఊహించి చేసిపెట్టే పనుల్లోంచి రహస్యాలు లీకవుతున్నాయని తేలింది. దానికి వేసిన ప్యాచ్‌లు వేగాన్ని తగ్గించాయి. ఇది పుకారు కాదు, అదే నెలలో మైక్రోసాఫ్ట్ తనే ఒప్పుకుంది. అయితే వాళ్లు చెప్పిన దాంట్లో నాకు బాగా గుర్తుండిపోయింది వేరే ముక్క. కొత్త చిప్‌ల మీద విండోస్ 10 అయితే తగ్గుదల పది శాతం లోపే, చాలామందికి తెలియను కూడా తెలియదు. పాత చిప్‌ల మీద విండోస్ 7, 8 వాడేవాళ్లలో ఎక్కువమందికి తెలిసొస్తుంది. అంటే పాత విండోస్‌నే పట్టుకుని కూర్చున్నవాళ్లకే దెబ్బ గట్టిగా తగిలింది. మారకపోతే వేగం అలాగే ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదన్నమాట.

లెవెన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అని ఒకటుంది. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసోలేషన్ కింద కనిపిస్తుంది. చెడ్డ డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) విండోస్ గుండెల్లోకి దూరకుండా కాపలా కాస్తుంది. కొత్త సిస్టమ్‌లలో మామూలుగా ఆన్‌లోనే వస్తుంది. దీనికి సాయపడే ఏర్పాటు ఇంటెల్ ఏడో తరం చిప్‌ల నుంచే ఉంది. అంతకంటే పాతవాటిలో ఆ పనిని సాఫ్ట్‌వేర్‌తోనే నెట్టుకురావాలి, అక్కడ బాగా బరువు పడుతుంది. గేముల్లో వేగం కావాలంటే దీన్ని ఆపుకోవచ్చని మైక్రోసాఫ్టే 2022లో దారి చెప్పింది. మా పిన్ని కొడుకు ఆపేశాడు, వాడి సిస్టమ్‌లో గేములు తప్ప దొంగిలించడానికేం లేదు. మా కస్టమర్ ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఎవరైనా ఆపమంటే మాత్రం నేను ఆపను.

ఆ పిన్ని కొడుకు దగ్గరే ఇంకో కథ కూడా ఉంది. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ ఉన్న సిస్టమ్, విండోస్ 11 వచ్చిన 2021 అక్టోబర్ మొదటి వారంలోనే వేసేసుకున్నాడు. షూటింగ్ గేములో ఫ్రేములు పడిపోయాయని లబోదిబోమన్నాడు. మొదట పిల్లాడి హడావుడి అనుకున్నా. ఆ వారమే ఏఎండీ ప్రకటించింది: లెవెన్‌లో తమ ప్రాసెసర్ల ఎల్3 క్యాష్ (చిప్ లోపలే ఉండే చిన్న వేగమైన మెమరీ) ఆలస్యం దాదాపు మూడు రెట్లయిందని, కొన్ని ప్రోగ్రాములు 3 నుంచి 5 శాతం, కొన్ని గేములైతే 10 నుంచి 15 శాతం దాకా నెమ్మదించవచ్చని. ఆ నెల తిరక్కుండానే విండోస్ అప్‌డేటూ, ఏఎండీ డ్రైవరూ వచ్చి సరిపోయింది. అలాగే 2024 ఆగస్టులో వచ్చిన ఒక అప్‌డేట్‌తో రైజెన్ సిస్టమ్‌లు కొన్ని గేముల్లో ముందుకంటే వేగం పుంజుకున్నాయి కూడా. ఇంటెల్ పన్నెండో తరం నుంచి పెద్ద కోర్లు, చిన్న కోర్లు అని రెండు రకాలు వస్తున్నాయి కదా, ఏ పని ఏ కోర్‌కి ఇవ్వాలో టెన్ కంటే లెవెన్‌కే బాగా తెలుసు. కాబట్టి కొత్త చిప్ కొని దాని మీద పట్టుబట్టి టెన్ వేయించుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. ఎవరైనా 'కొత్త విండోస్ ఈ వారమే వచ్చింది, వేసేయనా?' అంటే మాత్రం కొన్ని నెలలు ఆగమంటాను.

అసలు వేయకూడని సిస్టమ్ ఒకటి మా వీధిలోనే ఉంది. పెళ్లి కార్డులు, పాంప్లెట్లు చేసే డీటీపీ బాబాయ్‌ది. ఎక్స్‌పీ, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత 8 అనేది రానేలేదు. బాబాయ్ దగ్గర ఇన్నేళ్ల శుభలేఖలన్నీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. 'తాతగారి పెళ్లి కార్డు మోడల్ కావాలి' అని వస్తే నిమిషంలో తీసి పేర్లు మార్చేస్తాడు. నన్ను చూస్తే చాలు "అమ్మలూ, నా సిస్టమ్ జోలికి రాకు" అంటాడు. నేనూ వెళ్లను. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8నే పోయింది కాబట్టి దానికి నెట్ కేబుల్ పీకేశాం. బయటి పెన్‌డ్రైవ్‌లు ముందు నా దగ్గర స్కాన్ అయ్యాకే అక్కడికి వెళ్తాయి. డిస్క్ క్లోన్ ఒకటి మా షాపు బీరువాలో ఉంది. కొత్త సిస్టమ్ కొని, లోపల వర్చువల్ మెషీన్‌లో, అంటే సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్‌లా, ఎక్స్‌పీ నడిపిస్తానన్నాను. "ఉన్నది పరిగెడుతుంటే ఇంకోదాని లోపల ఎందుకు పెట్టడం" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, నిజంగానే పరిగెడుతోంది మరి.

ఫోన్ల గురించి కూడా అడుగుతుంటారు, కానీ అది మా లైను కాదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. కంపెనీలు కావాలనే స్లో చేస్తాయన్న అనుమానానికి ఆధారం దొరికింది ఐఫోన్‌లో. 2017లో ఇచ్చిన ఐఓఎస్ 10.2.1 అప్‌డేట్ బ్యాటరీ అరిగిపోయిన ఫోన్లను నెమ్మదింపజేసేది, హఠాత్తుగా ఆగిపోకుండా. ఆ సంగతి జనానికి వివరంగా చెప్పలేదు. డిసెంబర్‌లో బయటపడ్డాక ఆపిల్ క్షమాపణ చెప్పి బ్యాటరీ ధర తగ్గించింది. కొత్త బ్యాటరీ వేస్తే అదే ఫోన్ మళ్లీ వేగం అందుకునేది. మరుసటి ఏడాది వచ్చిన ఐఓఎస్ 12 అయితే పాత ఫోన్లను వేగంగా చేయడమే పనిగా పెట్టుకుని వచ్చింది.

మరి ఎనిమిదో తరం కంటే పాత సిస్టమ్ ఉన్నవాళ్ల సంగతి? మూడు దారులు చెబుతాను. విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం పొడిగించుకునే ఏర్పాటు ఉంది, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు కావచ్చు. చదువుకునే పిల్లలకీ, నెట్ చూసుకునే వాళ్లకీ విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ వెర్షన్ వేసిస్తాను. పాత ఐ3 మీద ఎస్‌ఎస్‌డీతో కలిస్తే ముచ్చటగా నడుస్తుంది, తెలుగు టైపింగూ ఉంటుంది. మూడోది, రూఫస్ అనే టూల్‌తో రూల్స్ దాటించి లెవెన్ వేయడం. అడిగితే వేస్తాను గానీ, రేపు అప్‌డేట్ ఆగిపోతే నన్ను అడగొద్దని ముందే చెప్పేస్తాను. ఇంకా పాత కోర్ 2 డుయో ప్రాసెసర్ సిస్టమ్‌లు పట్టుకొచ్చేవాళ్లకి ఆ దారి కూడా లేదు. లెవెన్‌లోనే తర్వాత వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ఆ చిప్‌ల మీద లెవెన్ బూట్ కూడా కాదు.

మీరే తేల్చుకోవాలంటే ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. అప్‌గ్రేడ్‌కి ముందు రీస్టార్ట్ చేసి, క్రోమ్‌లో పేజీ తెరుచుకునేదాకా ఎంత పట్టిందో రాసుకోండి. రోజూ వాడే ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి ఎంతో రాసుకోండి. అప్‌గ్రేడ్ అయ్యాక ఒక వారం ఆగి మళ్లీ చూడండి. వారం కంటే ఎక్కువ ఆగకండి, ఎందుకంటే వెనక్కి వెళ్లే బటన్ 10 రోజులే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ గో బ్యాక్. ఈలోగా జాగా కోసం పాత విండోస్ ఫైళ్లు చెరిపేస్తే ఆ బటనూ పోతుంది. ప్రింటరు, వేలిముద్ర పరికరం లాంటివి ఉంటే వాటికి లెవెన్ డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకోండి. ఆఫీసుల్లో పని ఆగిపోయేది ఎక్కువగా వాటి దగ్గరే, స్పీడు దగ్గర కాదు.

ఆడిటర్ గారి ఆఫీసులో ఇలాగే కొలిచి చూశాను. ఎనిమిదో తరం ఐ5లు, 8 జీబీ ర్యామ్, అన్నిటికీ ఎస్‌ఎస్‌డీలు. లెక్కల ప్రోగ్రామ్ ట్యాలీ తెరుచుకోవడంలో టెన్‌కీ లెవెన్‌కీ నా స్టాప్‌వాచ్‌కి తేడా దొరకలేదు. రెండ్రోజులకి ఆయన ఫోన్ చేశారు, గొంతులో కోపం. స్లో అయిందేమో అనుకుని సంచి సర్దుకుంటున్నా.

"అమ్మా, స్టార్ట్ బటన్ మధ్యలోకి ఎందుకెళ్లింది? మా గుమాస్తా ఎడమ మూల నొక్కీ నొక్కీ విసిగిపోతున్నాడు."

టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అలైన్‌మెంట్ లెఫ్ట్ అని పెట్టుకోమన్నాను. పెట్టుకున్నారట, మళ్లీ ఫోన్ రాలేదు.